250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు 8,000 రూపాయల లోపు యూఎస్‌బీ డ్యాక్, ఆంప్: ఏది సరిపోతుంది?

కాకినాడ_శ్రోత

సభ్యులందరికీ నమస్కారం. ఉపాధ్యాయ వృత్తి నుంచి విరమించాక, ముప్పై ఏళ్లుగా కూడబెట్టిన కర్ణాటక సంగీతం క్యాసెట్లనూ సీడీలనూ ఒక్కొక్కటిగా లాప్‌టాప్‌లోకి ఎక్కించుకుంటూ వచ్చాను. ఇక తీరిగ్గా వినడమే మిగిలింది. గత నెల జర్మనీ నుంచి వచ్చిన మా మేనల్లుడు బెయర్‌డైనమిక్ సంస్థ డీటీ 990 ప్రో హెడ్‌ఫోన్, 250 ఓమ్‌ల రకం, నాకు కానుకగా ఇచ్చాడు. ఫోన్‌లో వినాలనుకుంటే పనికొస్తుందని యాపిల్ వారి టైప్-సి డాంగిల్‌ను (హెడ్‌ఫోన్‌ను ఫోన్‌కు కలిపే చిన్న తీగ) కూడా అక్కడే కొని తెచ్చాడు.

చిక్కు ఏమిటంటే, లాప్‌టాప్‌కు నేరుగా తగిలిస్తే వాల్యూమ్ పూర్తిగా పెంచినా వీణ కచేరీ పక్కింట్లో జరుగుతున్నట్టు వినిపిస్తోంది. పైగా మౌస్ కదిలించినప్పుడల్లా సన్నని కీచుధ్వని వస్తోంది. డాంగిల్ ద్వారా వింటే ఆ కీచుధ్వని లేదు గానీ శబ్దం మరీ తక్కువ. 15,000 రూపాయలకు తక్కువైనదేదీ ఈ హెడ్‌ఫోన్‌ను పలికించలేదని ఒక దుకాణంలో చెప్పారు. డ్యాక్ (అంకెల రూపంలోని సంగీతాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది), ఆంప్ (ఆ సంకేతాన్ని పెంచేది) రెండూ కలిపి నేను 8,000 వరకు పెట్టగలను. 32 బిట్లు, 768 కిలోహెర్ట్జ్ అంటూ పెట్టెల మీద రాసిన అంకెలు నా క్యాసెట్లకు ఏమైనా ఉపకరిస్తాయా, చిప్ పేరు చూసి కొనాలా, లేక చూసుకోవలసినది మరేదైనా ఉందా, దయచేసి చెప్పగలరు.

రేడియో_మరమ్మతు, వరంగల్

కాకినాడ గారూ, కొనడానికి ముందు డబ్బు ఖర్చు లేని పని ఒకటి చేయండి. పాట మధ్యలో ఆపి, వాల్యూమ్ అలాగే ఉంచి, హెడ్‌ఫోన్‌లో ఏం మిగిలిందో వినండి. పాటతోపాటు బుస కూడా ఆగిపోతే ఆ బుస మీ టేపుది. ఏ పరికరం కొన్నా అది పోదు. పాట ఆగినా బుసో కీచుధ్వనో మిగిలితే అది లాప్‌టాప్‌ది. దానికి బయటి డ్యాక్ మందు. తరువాత చార్జర్ తీసేసి, బ్యాటరీ మీద కూడా ఒకసారి వినండి. తేడా వస్తే అది కూడా రాయండి.

ఇంకొక ప్రశ్న. మీ గదిలో సీలింగ్ ఫ్యాన్ నడుస్తూ ఉంటుందా? డీటీ 990 ప్రో వెనుక భాగం తెరిచి ఉండే రకం కాబట్టి బయటి శబ్దం నేరుగా చెవిలోకి వస్తుంది. మే నెలలో కాకినాడలో ఫ్యాన్ కట్టేసి వినమని ఎవరికీ చెప్పలేను గానీ, శబ్దం చాలడం లేదన్న భావనలో దాని వాటా ఎంతో తెలుసుకోవడం అవసరం.

తంబుర_శ్రుతి

నా అభిప్రాయం కాస్త వేరు. పదేళ్లుగా ఏడెనిమిది డ్యాక్‌లు మార్చి విన్నాను. వీణకూ వయొలిన్‌కూ ఏకేఎం అనే సంస్థ డ్యాక్ చిప్ ఉన్న పరికరాలలో ఒక మెత్తదనం ఉంటుంది. ఈఎస్ఎస్ అనే మరో సంస్థ చిప్ ఉన్నవాటిలో తంత్రుల మీద గీత గీసినట్టు కొంత పదును తెలుస్తుంది. మీరు వినేది కర్ణాటక సంగీతం కనుక, మరికొంత కాలం ఆగి అయినా సరే, బడ్జెట్ పెంచుకుని ఏకేఎం చిప్ ఉన్నదే తీసుకోండి. పరికరం ఒకసారే కొంటాం, సంగీతం జీవితాంతం వింటాం.

టంకం_పెట్టె

చిప్ సంగతి తరువాత చూద్దాం. ముందు ఈ హెడ్‌ఫోన్ ఎంత అడుగుతోందో లెక్క కడదాం, ఎందుకంటే కాగితం మీద నాలుగు వరుసల్లో తేలిపోయే విషయానికి ఎవరూ 15,000 పెట్టనక్కరలేదు.

డీటీ 990 ప్రో 250 ఓమ్‌ల రకానికి తయారీదారు ఇచ్చిన సున్నితత్వం (ఎంత విద్యుత్తుకు ఎంత శబ్దం అన్నది) 1 మిల్లీవాట్‌కు 96 డెసిబెల్‌లు. 250 ఓమ్‌లలో 1 మిల్లీవాట్ ఖర్చు కావాలంటే 0.5 వోల్ట్ కావాలి. వోల్టేజీ రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్‌లు పెరుగుతాయి కాబట్టి 1 వోల్ట్ దగ్గర 102, 2 వోల్ట్‌ల దగ్గర 108 డెసిబెల్‌లు వస్తాయి. ఇవి శిఖరాలు, అంటే ఫైలులో అతి పెద్ద శబ్దం వచ్చిన క్షణం. మన కచేరీ రికార్డింగులలో సగటు శబ్దం శిఖరం కంటే సుమారు 15 నుంచి 20 డెసిబెల్‌లు కింద ఉంటుంది. కనుక 2 వోల్ట్‌లు ఇవ్వగల ఆంప్‌తో సగటున 88 నుంచి 93 వరకు వెళ్లవచ్చు. ఇంట్లో కూర్చుని వినేవారికి అది అవసరానికి మించినదే.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. 2 వోల్ట్‌ల దగ్గర కూడా ఈ హెడ్‌ఫోన్ తీసుకునేది 16 మిల్లీవాట్లు, 8 మిల్లీయాంపియర్లు మాత్రమే. దీనికి కావలసింది వోల్టేజీ, బలమైన కరెంటు కాదు. పెట్టె మీద '32 ఓమ్‌ల వద్ద 200 మిల్లీవాట్లు' అని ఉంటే దానిని వోల్టేజీలోకి మార్చుకోండి: 0.2ను 32తో హెచ్చించి వర్గమూలం తీస్తే 2.5 వోల్ట్‌లు. అదే వోల్టేజీ 250 ఓమ్‌ల మీద 25 మిల్లీవాట్లు అవుతుంది, అంటే సుమారు 110 డెసిబెల్‌లు. వాట్లు ఎనిమిదో వంతుకు పడిపోయాయని కంగారు పడేవారిని చాలామందిని చూశాను. చెవికి చేరేది చూసుకుంటే లోటేమీ లేదు.

బిట్లూ కిలోహెర్ట్జ్‌ల విషయానికి వస్తే, సీడీ 16 బిట్లు, 44.1 కిలోహెర్ట్జ్. అందులో అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య దూరం సుమారు 96 డెసిబెల్‌లు. మామూలు క్యాసెట్‌లో టేపు బుసకూ సంగీతానికీ మధ్య దూరం 50, 60 డెసిబెల్‌లకు మించదు. మీ సంగీతమంతా ఈ రెండింటిలోనే ఉంది కాబట్టి 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ పలికే ఏ పరికరమైనా మీకు చాలినంత కంటే ఎక్కువ. 768 అన్న అంకె కోసం ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి.

ష్టుట్‌గార్ట్_తెలుగు

కాకినాడ గారి డాంగిల్ విషయంలో ఒక స్పష్టత. యాపిల్ ఈ డాంగిల్‌ను రెండు రకాలుగా అమ్ముతుంది. అమెరికాలోనూ అనేక ఇతర దేశాలలోనూ దొరికే రకం మీద ఏ2049 అనీ, ఐరోపాలో అమ్మే రకం మీద ఏ2155 అనీ సన్నని అక్షరాలతో ముద్రించి ఉంటుంది. మొదటిది సుమారు 1 వోల్ట్ ఇస్తుంది. రెండవది, ఇక్కడి వినికిడి భద్రతా ప్రమాణాల కారణంగా, దాదాపు 0.5 వోల్ట్‌కే పరిమితం. మీ మేనల్లుడు జర్మనీలో కొన్నారు కాబట్టి మీ దగ్గర ఉన్నది రెండవదే అయి ఉంటుంది. చూడటానికి రెండూ ఒకటే; తీగ మీది అంకె చదివితే తప్ప తెలియదు.

మరొక మాట. అనేక ఆండ్రాయిడ్ ఫోన్‌లలో ఈ డాంగిల్ పూర్తి వోల్టేజీ ఇవ్వదు, ఎందుకంటే డాంగిల్ లోపలి వాల్యూమ్‌ను ఫోన్ పూర్తిగా పైకి తీసుకువెళ్లదు. అదే డాంగిల్‌ను లాప్‌టాప్‌కు తగిలిస్తే పూర్తి శబ్దం వస్తుంది. యూఎస్‌బీ పరికరాన్ని తన చేతిలోకి తీసుకునే ప్లేయర్ యాప్ ఏదైనా వాడితే ఫోన్‌లో కూడా ఈ అడ్డంకి తొలగుతుంది.

కాకినాడ_శ్రోత

భూతద్దం పెట్టి చూశాను. ఏ2155 అనే ఉంది. టంకం_పెట్టె గారి లెక్క ప్రకారం నాకు శిఖరంలో అందుతున్నది 96 డెసిబెల్‌లు అన్నమాట.

వరంగల్ వారు చెప్పిన పరీక్ష చేశాను. పాట ఆపితే బుస ఆగిపోయింది, కనుక అది టేపుదే. లాప్‌టాప్ జాక్‌లో కీచుధ్వని మాత్రం పాట ఆపినా ఉంది. చార్జర్ తీసినా ఉంది. మౌస్ కదిలిస్తే పెరుగుతోంది. డాంగిల్‌లో అది అసలు లేదు. ఫ్యాన్ మూడో నంబరులో నడుస్తుంది. అది తగ్గించలేను.

కానీ ఒక విషయం అర్థం కాలేదు. సీడీల నుంచి ఎక్కించినవి డాంగిల్‌లో ఫర్వాలేదనిపించేంతగా వినిపిస్తున్నాయి. క్యాసెట్ల నుంచి ఎక్కించినవే మరీ హీనంగా ఉన్నాయి. హెడ్‌ఫోన్ ఒకటే, డాంగిల్ ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు వస్తోంది?

రేడియో_మరమ్మతు, వరంగల్

అక్కడే అసలు కథ ఉంది. క్యాసెట్లు ఎక్కించేటప్పుడు రికార్డింగ్ స్థాయి ఎంత పెట్టారు? పగిలిపోతుందన్న భయంతో తక్కువగా పెట్టి ఉంటారు. అది మంచి అలవాటే. కాని తరువాత ఆ ఫైళ్లను పైకి లేపకపోతే అవి ఎప్పటికీ సన్నగానే పలుకుతాయి. ఒక ఫైలును ఆడాసిటీ అనే శబ్ద సవరణ ప్రోగ్రాంలో తెరిచి తరంగం ఎత్తు చూడండి. 'ఆంప్లిఫై' అన్నది నొక్కితే, శిఖరం పగలకుండా ఎన్ని డెసిబెల్‌లు పెంచవచ్చో అదే చూపిస్తుంది. ఆ అంకె ఇక్కడ రాయండి. అసలు ఫైలు భద్రంగా ఉంచుకుని, పెంచినదాన్ని వేరే పేరుతో దాచుకోండి.

కాకినాడ_శ్రోత

పది ఫైళ్లు తెరిచి చూశాను. ఒకటి 9, ఒకటి 14, మిగిలినవన్నీ 11కూ 13కూ మధ్య చూపించాయి. ఒక వయొలిన్ కచేరీని 12 డెసిబెల్‌లు పెంచి అదే డాంగిల్‌లో విన్నాను. నిజం చెబుతున్నాను, కళ్లు చెమర్చాయి. 1988లో ఒక సభలో ముందు వరుసలో కూర్చుని నా చేతులతో నేనే రికార్డు చేసుకున్న కచేరీ అది. తని ఆవర్తనంలో మృదంగం తొప్పి శబ్దం ఇన్నేళ్లకు మళ్లీ వినిపించింది.

టంకం_పెట్టె

చాలా సంతోషం. 12 డెసిబెల్‌లు అంటే వోల్టేజీని నాలుగు రెట్లు చేసినట్టు. 2 వోల్ట్‌ల ఆంప్ కొని ఉంటే మీకు దక్కేది కూడా సరిగ్గా అంతే. అయితే ఫైళ్లు సరిచేసిన తరువాత కూడా 0.5 వోల్ట్ అంచునే ఉంటుంది, ఫ్యాన్ శబ్దం దాటి సన్నని ఆలాపన వినాలంటే ఇంకొంత ఊపిరి కావాలి. కనుక ఆంప్ కొనవద్దని నేను అనను; 15,000 అవసరం లేదనే అంటాను.

కోఠి_వీధి

హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ, సికింద్రాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్ చుట్టూ తిరిగి తిరిగి నేర్చుకున్నది చెబుతాను.

మూడు నాలుగు వందలకు దొరికే యూఎస్‌బీ సౌండ్ పుల్లల జోలికి వెళ్లకండి. వాటిలో సాధారణంగా సీఎం108 తరహా చిప్ ఉంటుంది. ఫోనులో మాట్లాడుకోవడానికి పనికొస్తాయి గానీ సంగీతానికి కావు, వెనుక బుస తెలుస్తూనే ఉంటుంది. బెరింగర్ యూసీఏ 202 అనే చిన్న వెండిరంగు పెట్టె గురించి ఎవరైనా చెప్పవచ్చు. అది 16 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వరకే. క్యాసెట్లు ఎక్కించడానికి లైన్ ఇన్‌పుట్ ఉంది కనుక ఆ పనికి మంచిది. దాని హెడ్‌ఫోన్ సాకెట్ మాత్రం ఇటువంటి హెడ్‌ఫోన్‌ను పలికించడానికి చేసినది కాదు.

డాంగిల్ రూపంలోనే కావాలంటే మూన్‌డ్రాప్ డాన్ ప్రో లాంటివి మామూలు 3.5 మిల్లీమీటర్ల సాకెట్‌లో 2 వోల్ట్‌లు, 4.4 సాకెట్‌లో 4 వోల్ట్‌లు ఇస్తాయి. 4 వోల్ట్‌ల మాట చూసి తొందరపడకండి. డీటీ 990 ప్రో తీగ హెడ్‌ఫోన్‌కు శాశ్వతంగా బిగించినది, లోపల మూడే తీగలు ఉంటాయి; 4.4 సాకెట్‌కు నాలుగు కావాలి. లోపల టంకం పెట్టి మార్పించుకుంటే తప్ప 4.4 సాకెట్ మీకు పనికిరాదు. 2 వోల్ట్‌లు మీకు చాలు కాబట్టి ఆ అవసరమూ లేదు.

బల్ల మీద కదలకుండా ఉండాలి, చేతికి అందే నాబ్ ఉండాలి అనుకుంటే ఫియో ఈ10కే చూడండి. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్, డ్రైవర్ అవసరం లేదు, గెయిన్ (శబ్దాన్ని ఎంత పెంచాలన్నది) మార్చే మీట ఉంది, వెనుక లైన్ అవుట్ (వేరే ఆంప్లిఫైయర్‌కు కలిపే సాకెట్) ఉంది. పాత నమూనా కావడంతో సెకండ్ హ్యాండ్‌లో మీ బడ్జెట్‌లో సగానికే దొరకవచ్చు. సెకండ్ హ్యాండ్ కొంటే నాబ్ తిప్పుతూ గరగర వస్తోందా చూడండి, అతి తక్కువ వాల్యూమ్‌లో రెండు చెవులకూ సమానంగా వినిపిస్తోందా చూడండి, యూఎస్‌బీ సాకెట్‌ను మెల్లగా కదిపి చూడండి. విదేశం నుంచి తెప్పించుకుంటే కస్టమ్స్ సుంకం కలుపుకుని లెక్క వేసుకోండి. వారంటీ కావాలంటే జీఎస్టీ బిల్లు ఇచ్చేవారి దగ్గరే కొనండి.

తంబుర_శ్రుతి

ఇంతసేపూ వోల్ట్‌ల గురించే మాట్లాడారు. వోల్ట్‌లు సరిపోయినంత మాత్రాన శ్రావ్యత వస్తుందా? నా దగ్గర ఉన్న రెండు పరికరాలలో ఒకటి ఏకేఎం, ఒకటి ఈఎస్ఎస్. కళ్లు మూసుకుని కూడా ఏది ఏదో చెప్పగలనని నా నమ్మకం.

టంకం_పెట్టె

తంబుర గారూ, మీ చెవిని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ రెండింటి వాల్యూమ్ కచ్చితంగా సమానం చేసి ఎప్పుడైనా పోల్చారా? కాస్త పెద్దగా పలికేది మన చెవికి నిండుగా, స్పష్టంగా అనిపిస్తుంది. ఆ తేడా అర డెసిబెల్ ఉన్నా చాలు, అది పెద్ద శబ్దంగా కాక మంచి నాణ్యతగా తోస్తుంది.

ఇంట్లోనే చేయగల పద్ధతి రాస్తాను. 60 హెర్ట్జ్ స్వరం ఉన్న ఫైలు తయారుచేసుకోండి. సాధారణ మల్టీమీటర్ ఏసీ వోల్టేజీని ఈ పౌనఃపున్యం దగ్గర నమ్మకంగా కొలుస్తుంది. అదే కొన్ని వేల హెర్ట్జ్‌ల దగ్గర అయితే తప్పు చూపవచ్చు. హెడ్‌ఫోన్ తగిలించి ఉంచే, రెండు దారుల స్ప్లిటర్ ద్వారా మీటర్ పెట్టి కొలవండి, ఎందుకంటే కొన్ని ఆంప్‌లలో హెడ్‌ఫోన్ తగిలించగానే వోల్టేజీ పడిపోతుంది. రెండు పరికరాల వోల్టేజీ 1 శాతం లోపు కలిసేలా చూసుకోండి. తరువాత ఇంట్లో ఎవరినైనా నాణెం ఎగరేసి, బొమ్మా బొరుసూ ప్రకారం మీకు కనబడకుండా మార్చమనండి. 16 సార్లు చేయండి. 12 లేదా అంతకంటే ఎక్కువ సరిగా చెప్పగలిగితే, అది కేవలం ఊహ వల్ల జరిగే అవకాశం 4 శాతం కంటే తక్కువ. అప్పుడు మీ మాట నేను ఒప్పుకుంటాను.

మరొక సంగతి కూడా గుర్తుచేస్తాను. 2020 అక్టోబరులో జపాన్‌లోని నొబెఓకాలో ఏకేఎం వారి చిప్ కర్మాగారంలో పెద్ద అగ్నిప్రమాదం జరిగింది. ఆ తరువాత చిప్‌లు దొరకక పలువురు తయారీదారులు అవే నమూనాలను ఈఎస్ఎస్ చిప్‌తో మళ్లీ విడుదల చేశారు. డ్యాక్ చిప్ ఒక్కటే ధ్వనిని నిర్ణయించదు. దాని తరువాత వచ్చే ఆంప్, విద్యుత్ సరఫరా, బోర్డు అమరిక, అవుట్‌పుట్ ఇంపెడెన్స్ (ఆంప్ వైపు ఉండే నిరోధం, ఓమ్‌లలో) ఇవన్నీ ఉన్నాయి. వీటిలో అవుట్‌పుట్ ఇంపెడెన్స్ నిజంగా చెవికి తెలిసేది. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ దానికి కనీసం ఎనిమిది రెట్లు ఉండాలన్నది అనుభవజ్ఞులు పాటించే లెక్క. 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్‌కు ఆంప్ వైపు 30 ఓమ్‌లు ఉన్నా ఫర్వాలేదు. 16 ఓమ్‌ల ఇయర్‌ఫోన్‌కు మాత్రం 2 ఓమ్‌లు దాటకూడదు.

నిజామాబాద్_విద్యార్థి

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. నా దగ్గర హైఫైమ్యాన్ హెచ్ఈ400ఎస్ఈ ఉంది. 25 ఓమ్‌లే కదా, నాకు ఏ డాంగిల్ అయినా సరిపోతుందా?

టంకం_పెట్టె

తమ్ముడూ, ఓమ్‌లు తక్కువ కాబట్టి సులువు అనుకోవద్దు. దాని సున్నితత్వం 91 డెసిబెల్‌లు. 1 వోల్ట్ ఇస్తే 107 వరకు వస్తుంది గానీ, ఆ 1 వోల్ట్ దగ్గర అది 40 మిల్లీయాంపియర్లు లాగుతుంది. కాకినాడ గారి హెడ్‌ఫోన్ అదే 1 వోల్ట్ దగ్గర లాగేది 4 మాత్రమే. నీకు వోల్టేజీ కంటే కరెంటు ముఖ్యం. 32 ఓమ్‌ల వద్ద కనీసం 100 మిల్లీవాట్లు రాసి ఉన్నది చూసుకో. దాన్నుంచి 1.8 వోల్ట్‌లు వస్తాయి. హాస్టల్ గదికి అది సమృద్ధి.

పాత_డెస్క్‌టాప్

మా ఇంట్లో ఇంకా విండోస్ 7 కంప్యూటరే నడుస్తోంది. కొత్త డ్యాక్ పెడితే గుర్తించడం లేదు. కారణం ఏమై ఉంటుంది?

రేడియో_మరమ్మతు, వరంగల్

యూఎస్‌బీ ఆడియోలో రెండు తరగతులు వాడుకలో ఉన్నాయి. మొదటి తరగతి పరికరం 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ వరకు పలుకుతుంది, ఏ పాత విండోస్‌లోనైనా డ్రైవర్ లేకుండా నడుస్తుంది. రెండవ తరగతికి విండోస్ తనంతట తాను మద్దతు ఇవ్వడం మొదలుపెట్టింది 2017లో, విండోస్ 10 1703 నవీకరణతో. మీది విండోస్ 7 కాబట్టి తయారీదారు డ్రైవర్ ఎక్కించుకోవాలి, లేదా పరికరంలో మొదటి తరగతికి మార్చే సదుపాయం ఉంటే అది వాడుకోవాలి. లినక్స్, మ్యాక్ వాడేవారికి ఈ బెడద చాలా ఏళ్ల క్రితమే తీరింది.

తంబుర_శ్రుతి

ఆదివారం మా అమ్మాయి సాయంతో పరీక్ష చేశాను. మొదట మీటర్ పెట్టగానే తెలిసిన సంగతి, నేను రెండింటిలోనూ సమానంగా పెట్టుకున్నాననుకున్న వాల్యూమ్ సమానం కాదు. ఏకేఎం పరికరం 1.07 వోల్ట్ ఇస్తుంటే రెండవది 1.00 ఇస్తోంది, అంటే దాదాపు 0.6 డెసిబెల్‌ల తేడా. సమానం చేసిన తరువాత 16లో 9 సరిగా చెప్పాను. ఆ ఫలితం ఊహకు మించినది కాదని నాకు తెలుసు. మొదట ఇచ్చిన సలహాను వెనక్కి తీసుకుంటున్నాను. కాకినాడ గారూ, చిప్ కోసం ఆగకండి.

టంకం_పెట్టె

ఇంత ఓపికగా చేసి, ఫలితాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ రాసినందుకు మనస్ఫూర్తిగా నమస్కరిస్తున్నాను.

కాకినాడ_శ్రోత

హైదరాబాదులో ఉన్న మా తమ్ముడి ద్వారా సెకండ్ హ్యాండ్ ఫియో ఈ10కే తెప్పించుకున్నాను. కోఠి గారు చెప్పినవన్నీ చూసే తీసుకున్నాడు. 8,000లో చాలా భాగం మిగిలింది. గెయిన్ ఎక్కువలో పెట్టి, నాబ్ సగం దాకా తిప్పితే చాలుతోంది. కీచుధ్వని పూర్తిగా పోయింది.

ఇక ఒక సందేహం. స్త్రీ గాత్రంలో సకారాలూ, వయొలిన్ పై స్థాయి స్వరాలూ కాస్త గుచ్చుకుంటున్నాయి. ఇది ఆంప్ వల్లనా?

ష్టుట్‌గార్ట్_తెలుగు

కాదు. డీటీ 990 ప్రోను స్టూడియో పనికి రూపొందించారు. 8 కిలోహెర్ట్జ్ దరిదాపుల్లో దాని స్పందన పైకి లేచి ఉండటం అందరికీ తెలిసిన దాని స్వభావం. దీనికి మరో పెట్టె కొనకండి. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత ప్రోగ్రాం ఎక్కించుకుని 8 కిలోహెర్ట్జ్ దగ్గర 4 నుంచి 6 డెసిబెల్‌లు తగ్గించండి. మీ చెవికి నచ్చేచోట ఆపండి. ప్లేయర్‌లో ఎక్స్‌క్లూసివ్ పద్ధతి (ప్లేయర్ డ్యాక్‌ను నేరుగా తన చేతిలోకి తీసుకునేది) ఎంచుకుని ఉంటే ఈ ఈక్వలైజర్ పనిచేయదు, అది తీసేయాలి.

ఒక మనవి కూడా. ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఆంప్ చెవికి హాని చేయగలిగినంత శబ్దం ఇవ్వగలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించేది వారానికి 40 గంటలు 80 డెసిబెల్‌లు. ప్రతి 3 డెసిబెల్‌లకూ ఆ సమయం సగమవుతుంది: 83 దగ్గర 20 గంటలు, 90 దగ్గర 4 గంటలే. ఫ్యాన్ శబ్దాన్ని మించాలని వాల్యూమ్ పెంచే అలవాటులో ఇది మరిచిపోతాం. హెడ్‌ఫోన్ పెట్టుకునే ముందు నాబ్ కిందికి తిప్పండి.

కాకినాడ_శ్రోత

5 డెసిబెల్‌లు తగ్గించాను. గుచ్చుకోవడం పోయింది. గాత్రం హాయిగా ఉంది.

నిన్న మా శ్రీమతి కూడా వినాలంటే, ఈ10కే వెనుక లైన్ అవుట్ నుంచి హాల్లోని పాత స్టీరియో ఆంప్లిఫైయర్‌కు తీగ పెట్టాను. గుంయ్‌మని ఒకటే హమ్మింగ్. హెడ్‌ఫోన్‌లో ఏమీ లేదు. చార్జర్ తీసేస్తే హమ్మింగ్ ఆగిపోతోంది.

రేడియో_మరమ్మతు, వరంగల్

మీ స్టీరియోకు టీవీ గానీ సెట్‌టాప్ బాక్స్ గానీ తగిలించి ఉందా? ఉంటే, దానికి వచ్చే కేబుల్ తీగను ఒక్క నిమిషం విప్పి, చార్జర్ పెట్టే ఉంచి వినండి.

కాకినాడ_శ్రోత

ఉంది. కేబుల్ విప్పగానే హమ్మింగ్ ఆగిపోయింది!

రేడియో_మరమ్మతు, వరంగల్

అయితే ఇది గ్రౌండ్ లూప్. మీ లాప్‌టాప్ చార్జర్ మూడు పిన్నులది అయి ఉంటుంది, దాని ఎర్తింగ్ ఇంటి వైరింగ్ ద్వారా వెళుతుంది. కేబుల్ తీగ పైతొడుగు మరెక్కడో, స్తంభం దగ్గరో మేడ మీదో, భూమిని తాకుతుంది. ఈ రెండు భూముల మధ్య ఉండే కొద్దిపాటి వోల్టేజీ మీ ఆడియో తీగ పైతొడుగు గుండా ప్రవహించి 50 హెర్ట్జ్ హమ్మింగ్‌గా వినబడుతోంది. హెడ్‌ఫోన్ ఏ భూమికీ తగలదు కనుక అందులో రాదు.

ఎవరు చెప్పినా చార్జర్ ఎర్త్ పిన్ను తీసేయకండి, విరగ్గొట్టకండి. అది మీ ప్రాణాలను కాపాడే పిన్ను. తేలిక మార్గం, ఈ10కేకూ స్టీరియోకూ మధ్య ఆడియో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టడం. లోపల రెండు చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, కొన్ని వందల రూపాయలకు దొరుకుతుంది. మరీ చౌకదైతే మంద్ర స్వరాలు కొంచెం తగ్గుతాయి. అది నచ్చకపోతే యూఎస్‌బీ వైపే ఐసొలేటర్ పెట్టవచ్చు. ఏడీయూఎం4160 చిప్‌తో వచ్చేవి 12 మెగాబిట్ల వేగానికే పరిమితం. మీ ఈ10కే మొదటి తరగతి పరికరం కాబట్టి దానితో నడుస్తుంది; రెండవ తరగతి పరికరాలను మాత్రం అది పూర్తి వేగంతో నడపలేదు.

కోఠి_వీధి

ట్రాన్స్‌ఫార్మర్ ఐసొలేటర్ నా దగ్గర ఒకటి ఖాళీగా ఉంది. వచ్చే వారం పిఠాపురంలో మా అక్క ఇంటికి వస్తున్నాను, కాకినాడ పక్కనే కదా, తెచ్చి ఇస్తాను. ముందు పెట్టి చూడండి, సరిపోతేనే కొనుక్కోండి.

కాకినాడ_శ్రోత

తప్పకుండా రండి. భోజనం మా ఇంట్లోనే. ఆ 1988 కచేరీ స్టీరియోలో పెడతాను.